కువైట్ ఉత్తరం నుంచి వీడియో కాల్ దాకా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సభలో సెల్‌ఫోను, ఇంటర్నెట్ గురించి కొంచెం గట్టిగా మాట్లాడమని పెద్దలు మమ్మల్ని కోరారు. "పిల్లలు చెడిపోతున్నారు, ఇళ్లలో మాటలు కరువయ్యాయి, నెట్ లేని రోజులే నయం, ఆ సంగతి చెప్పండి" అన్నారు. సరేనని ఒప్పుకున్నాం. ఏం చెప్పాలో అనుకోవడానికి కార్యవర్గం వాళ్లం రెండు సాయంత్రాలు అసర్ తరువాత కూర్చున్నాం. కూర్చున్నాక తెలిసింది, ఆ మాట అంత తేలిగ్గా చెప్పగలిగింది కాదని. మాలో సగం మంది నెట్ లేని రోజుల్లో పెరిగినవాళ్లమే. ఆ రోజులు ఎలా ఉండేవో మాకు బాగా గుర్తుంది. కాబట్టి ముందు అవి చెప్పి, తరువాత ఇప్పటి సంగతికి వస్తాం. చివరగా మన సంఘం చేసిన రెండు తప్పులు మీ ముందు పెడతాం. అవి ఒప్పుకోకుండా పిల్లలకు నీతులు చెప్పే హక్కు మాకు లేదనిపించింది.

మనది కడప సీమ. ఈ వైపు ఊళ్లలో కువైట్ అంటే పరాయి దేశం పేరులా వినిపించదు, పక్క వీధి పేరులా వినిపిస్తుంది. రాయచోటిలో, రాజంపేటలో, మన చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికి పోయినా ఒక మనిషి అక్కడ ఉంటాడు, లేదా ఉండి వచ్చి ఉంటాడు. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా పోయారు. ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద పోయారు. ఈ హాలుకు వేసిన పైకప్పులోనూ ఆ చెమట ఉంది. అందుకని దూరం, ఎదురుచూపు అంటే మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు.

అప్పట్లో కువైట్ నుంచి ఉత్తరం రావడానికి పది రోజులు పట్టేది, ఒక్కోసారి ఇరవై రోజులు. పోస్ట్‌మ్యాన్ సందు మలుపు తిరగ్గానే పిల్లలు ముందు పరుగెత్తేవాళ్లు. నీలం, ఎరుపు గీతల అంచున్న కవరు కనబడితే వీధి అంతటికీ పండగ. ఉత్తరం చదవడం వచ్చినవాళ్లు వీధికి ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. అమ్మీ, దాదీ, కోడలు అందరూ చుట్టూ కూర్చునేవాళ్లు. అందరికీ పేరు పేరునా సలాములు చదవడంతోనే మొదటి పేజీ అయిపోయేది. మా వాడు మీ సంగతి కూడా అడిగాడని పక్కింటికి కబురు పోయేది. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని, మళ్లీ ఉత్తరం వచ్చేదాకా రోజుకొకసారి తీసి చూసుకునేవాళ్లు. అక్షరం రానివాళ్లు కూడా తీసి చూసుకునేవాళ్లు.

తరువాత టేపు రికార్డర్ వచ్చింది. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. ఒక వైపు అబ్బాయి మాట్లాడేవాడు. రెండో వైపు ఖాళీగా వదిలేవాడు, జవాబు మనం చెప్పి పంపాలని. ఇంట్లోవాళ్లంతా టేపు చుట్టూ చేరి ఒకరి తరువాత ఒకరు మాట్లాడేవాళ్లు. ముసలమ్మలు ఏడుపు ఆపుకోలేక ఏమీ చెప్పలేకపోయేవాళ్లు. ఆ ఏడుపు కూడా క్యాసెట్‌లో కువైట్‌కు పోయేది. ఆ తరువాత ఎస్‌టీడీ బూతులు వచ్చాయి. గాజు తలుపు వెనక నిలబడి, మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే, "బాగున్నారా, బాగున్నాం, డబ్బు అందింది, పెట్టేస్తున్నా" అని మూడు ముక్కలు మాట్లాడి బయటికి వచ్చేవాళ్లం. చెప్పాల్సిన అసలు మాట బయటికి వచ్చాక గుర్తొచ్చేది.

వింటుంటే తియ్యగానే ఉంది కదా. చెబుతున్న మాకు కూడా తియ్యగానే ఉంది. అయితే ఆ రోజులకు ఇంకో ముఖం ఉంది. దాన్ని మర్చిపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మనకు రేడియో వార్తల్లో తెలిసింది. ఆ రోజు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఫోన్లు లేవు. మనిషి ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. వార్తల వేళకు రేడియో ఉన్న ఇంటి ముందు జనం చేరేవాళ్లు. ఒక్క దేశం పేరు, ఒక్క ఊరి పేరు వినబడితే చాలు, దాన్ని పట్టుకుని తెల్లారేదాకా మాట్లాడుకునేవాళ్లు. మనవాళ్లు అక్కడ ఇళ్లు వదిలి, దొరికిన బండి ఎక్కి, ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరారు. ఎడారిలో గుడారాల్లో రోజుల తరబడి పడి ఉన్నారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తిరిగి, సుమారు 1,70,000 మంది భారతీయులను బొంబాయికి చేర్చాయి. అంతమందిని పౌర విమానాల్లో తరలించడం ప్రపంచంలోనే పెద్ద కార్యంగా చెప్పుకుంటారు.

ఆ విమానాల్లో మనవాడు ఉన్నాడా లేడా అన్నది మాత్రం ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. మాలో ఒకరికి అప్పుడు పదేళ్లు. వాళ్ల నాన్న బొంబాయిలో దిగి, రైలెక్కి, కట్టుబట్టలతో తెల్లవారుజామున బస్టాండు నుంచి నడుచుకుంటూ వచ్చి తలుపు కొట్టాడట. అమ్మీ తలుపు తీయలేదట. ఆ వేళప్పుడు తలుపు కొడితే చెడ్డ కబురే అని భయపడిందట. లోపల్నుంచే ఎవరని అడిగిందట. "నేనే" అన్నాడట ఆయన. ఆ గొంతు విన్నాక కూడా ఆమెకు గడియ తీయడానికి చేతులు రాలేదట. ఇప్పుడైతే సరిహద్దు దాటగానే ఒక్క మెసేజీ వచ్చేది. రెండు నెలల నరకం రెండు నిమిషాల్లో తీరేది. నెట్ లేని రోజులే నయం అనే ముందు ఆ గడియ దగ్గర నిలబడిన మనిషిని ఒక్కసారి తలచుకోండి.

ఇంకో సంగతి ఉంది. ఇది ఆడవాళ్ల సంగతి, అందుకని మగవాళ్లం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. ఉత్తరాలు తీపి గుర్తులని మేం అనుకుంటుంటే, మా కార్యవర్గంలోని ఒక చెల్లెలు అడ్డం పడింది. "భాయ్, మీకు తీపిగా ఉంటుంది. చదువు రాని కోడలికి ఆ ఉత్తరం ఎవరు రాసిపెట్టేవాళ్లు?" అని అడిగింది. అత్త తమ్ముడో, మరిదో రాసిపెట్టేవాళ్లు. ఆ ఇంట్లో తనకు తిండి సరిగ్గా పెట్టడం లేదని భర్తకు చెప్పాలంటే ఆ మరిది చేతే రాయించాలి. మనసులో ఉన్న ఒక్క ప్రేమ మాట చెప్పాలన్నా అత్త వింటుండగా చెప్పాలి. పెళ్లయి పది పన్నెండేళ్లయినా భర్తతో ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడుకోని ఆడవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. ఆయన రెండేళ్లకొకసారి రెండు నెలలు వచ్చినప్పుడు మాట్లాడిందే మాట.

అలాంటి ఆమెకు ఇవాళ ఫోనులో ఒక గుండ్రటి గుర్తు ఉంది. దాన్ని వేలితో నొక్కి పట్టుకుని మాట్లాడితే ఆమె గొంతు నేరుగా భర్త చెవికి చేరుతుంది. చదువు అక్కర్లేదు, రాసిపెట్టేవాళ్లు అక్కర్లేదు. బ్యాంకులో సంతకం పెట్టలేక వేలిముద్ర వేసే మనిషికి జీవితంలో మొదటిసారి సొంత ఉత్తరం దొరికింది. ఇంటర్నెట్ మనకు ఏం ఇచ్చిందని ఎవరైనా అడిగితే మేం ముందుగా చెప్పేది ఇదే.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. అది మన వీధికి రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2016 తరువాత డేటా చవకయింది, చేతిలోకి స్మార్ట్‌ఫోను వచ్చింది. కువైట్‌కు, మనకు గడియారంలో రెండున్నర గంటల తేడా. మన ఇషా నమాజు అయ్యేసరికి అక్కడ ఇంకా సాయంత్రమే. చాలా ఇళ్లలో ఆ వేళకు ఫోను మోగుతుంది. ఇమోలోనో, వాట్సాప్‌లోనో ముఖం కనబడుతుంది.

ఇందులో నిజమైన సంతోషం ఉంది. మేం కళ్లారా చూశాం. ఒక ఇంట్లో అమ్మ అక్కడ పని చేస్తోంది, ఇక్కడ బిడ్డ నానీ దగ్గర ఐదో తరగతి చదువుతోంది. రోజూ రాత్రి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెడతారు. ఆ పిల్ల దాని ముందు కూర్చుని ఎక్కాలు రాస్తుంది. అవతల అమ్మ వంటగదిలో గిన్నెలు తోముతూ వింటుంటుంది. ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడుకోరు. "అక్కడ సున్న మర్చిపోయావు చూడు" అని మధ్యలో ఒక మాట. ఒకే గదిలో ఉన్న తల్లీబిడ్డల్లా ఉంటారు. నిరుడు ఒక నికాహ్‌లో తండ్రికి సెలవు దొరకలేదు. ఫోను పట్టుకుని ఒక పిల్లవాడు ఇమామ్ సాహెబ్ పక్కన కూర్చున్నాడు. ఖబూల్ అన్న మాట వినగానే అక్కడ ఆ తండ్రి తల వంచుకున్నాడు. ఆయన ముఖం కనబడలేదు, తల మీది టోపీ కనబడింది. అది చాలు ఆ కూతురికి.

అయితే సభలో పెద్దలు చెప్పమన్న చెడు కూడా ఉంది. దాన్ని దాచం.

మొదటిది, కనబడటం వేరు, తెలియడం వేరు. ఉత్తరంలో రాసేటప్పుడు మనిషి కూర్చుని ఆలోచించి రాసేవాడు. కెమెరా ముందు అందరూ నవ్వుతారు. అక్కడ జీతం ఇవ్వకపోయినా, ఆరోగ్యం బాగాలేకపోయినా, ఇంట్లోవాళ్లు బాధపడతారని నవ్వుతారు. ఇక్కడివాళ్లూ అంతే. మనకు తెలిసిన ఒక అమ్మ ఖద్దామాగా పోయింది. యజమాని ఇంట్లో ఆమె ఫోను తీసి దాచి, వారానికొకసారి శుక్రవారం ఇచ్చేవాళ్లు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ కొడుకేమో మెసేజీ పెట్టి, రెండు నీలం టిక్కులు రాలేదని అలిగాడు. "అమ్మకు మేం అక్కర్లేదు" అన్నాడు. నాలుగు శుక్రవారాలు మాట్లాడలేదు. సంగతి తెలిశాక ఆ పిల్లవాడు పడిన బాధ చూడలేకపోయాం. ఉత్తరాల కాలంలో మౌనాన్ని ఓపిగ్గా భరించేవాళ్లం, దూరం కదా అనుకునేవాళ్లం. ఇప్పుడు గంటసేపు జవాబు రాకపోతే అనుమానం.

అలాంటి కష్టం వచ్చినప్పుడు ఎక్కడికి పోవాలో కూడా నెట్‌లోనే ఉంది, కాని తెలిసినవాళ్లు తక్కువ. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి మదద్ అనే పోర్టల్ నడుపుతోంది. ఫిర్యాదు నమోదు చేస్తే నంబరు ఇస్తారు, అది రాయబార కార్యాలయానికి పోతుంది. పోయే ముందు ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. ఏజెంటు తన రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీని 30 ఏళ్లు నిండకుండా ఇంటి పనికి గల్ఫ్‌కు పంపకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, అది 10 లక్షల రూపాయల బీమా. ఇవన్నీ ఫోనులో దొరికే సంగతులే. మన పిల్లలు రోజుకు నాలుగు గంటలు ఫోను చూస్తారు, కాని వాళ్ల అమ్మ ఏజెంటు లైసెన్సు ఎవరూ చూడలేదు.

రెండోది, అప్పులు, ఆటలు. ఐదు నిమిషాల్లో డబ్బు అని చెప్పే అప్పు యాప్‌లు ఉన్నాయి. తీసుకోగానే మన ఫోనులోని నంబర్లన్నీ వాళ్లకు పోతాయి. ఒక వాయిదా తప్పితే బంధువులందరికీ ఫోను చేసి పరువు తీస్తారు. రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ సంగతి చెప్పనక్కర లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగదారులు ఉన్నాయి. కువైట్ నుంచి తండ్రి పంపిన డబ్బు కొడుకు వేలి కింద ఒక రాత్రిలో పోయిన ఇల్లు మాకు తెలుసు. దయచేసి ఒక నంబరు అందరూ రాసుకోండి: 1930. ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోతే వెంటనే చేయాల్సిన ఫోను అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

మరి ఫోను లాక్కుంటే సరిపోతుందా? కొందరు పెద్దలు ఆడపిల్లల చేతిలో ఫోను ఉండకూడదంటారు. వాళ్ల భయం మాకు తెలుసు, దాన్ని ఎగతాళి చేయం. కాని ఒక సంగతి వినండి. కేరళలో కోజికోడ్ జిల్లాలో ఫహీమా షిరీన్ అనే డిగ్రీ విద్యార్థిని ఉండేది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు అప్పజెప్పాలని ఆమె హాస్టల్లో నియమం పెట్టారు. చదువుకు ఫోను కావాలని ఆమె ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకు పోయింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది, ఇంటర్నెట్ అందుకోవడం చదువుకునే హక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమని. ఆ పిల్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలకే దేశమంతా లాక్‌డౌన్ పడింది. చదువంతా ఫోనులోకి పోయింది. అప్పుడు ఫోను ఉండకూడదన్న తండ్రులే ఫోను కోసం మన సంఘం తలుపు కొట్టారు.

2020 ఆ రోజులు మన దాతలకు గుర్తుండే ఉంటాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, కాని కొన్ని ఇళ్లలో టీవీ కూడా లేదు. ఇంటికి ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు. పెద్దవాడి క్లాసు అయ్యేదాకా చిన్నది గుమ్మంలో కూర్చునేది. ఫోను ఉన్న ఇంట్లో రీచార్జి లేదు. మేం రేషన్ కిట్లు ఇవ్వడానికి పోయిన ఒక ఇంట్లో, "బియ్యం కొంచెం తగ్గించి రీచార్జి చేయిస్తారా" అని ఒక పిల్ల అడిగింది. తల్లి కోప్పడింది. మాకు మాత్రం ఆ మాట బియ్యం మూటకంటే బరువుగా అనిపించింది.

ఇప్పుడు మా తప్పుల సంగతి.

లాక్‌డౌన్ తరువాత మనం కూడా కాలంతో పోవాలని, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆన్‌లైన్ చేశాం. కాగితం తీసేశాం. లింకు గ్రూపులో పెట్టాం. దరఖాస్తులు చకచకా వచ్చాయి, పేర్లు వరుసగా కంప్యూటర్‌లో పడ్డాయి. మాకు చాలా సంతోషమయింది, పని తగ్గిందని. ఆ ఏడాది చెక్కులు పంచే రోజున ముందు వరుసలో కూర్చున్నవాళ్లను చూసి మాలో ఒకరు అడిగారు, "చెరువు కట్ట కింది ఇళ్లవాళ్లు ఒక్కరూ లేరే?" అని. నిజంగానే లేరు. దర్జీ పని చేసుకునే వితంతువులు, బండి మీద పండ్లు అమ్ముకునేవాళ్లు, ఎవరూ లేరు. అంతకుముందు ఏళ్లలో కాగితం పట్టుకుని మొట్టమొదట వచ్చేది వాళ్లే.

పోయి అడిగాం. ఒకామెకు గ్రూపు లేదు. ఒకామె ఆదాయ పత్రం ఫొటో తీసి ఎక్కించబోతే సైజు ఎక్కువైందని మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒకామె నెట్ సెంటరుకు పోయింది, అక్కడ అడిగిన డబ్బు ఆమె ఒక రోజు సంపాదన. మానేసింది. ఆమె కూతురు ఆ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం ఫీజు కట్టలేక మధ్యలో ఆగిపోయింది. మీరిచ్చిన డబ్బు మా ఖాతాలో ఉంది. ఆ పిల్ల మా ఆఫీసుకు నాలుగు సందుల దూరంలో ఉంది. మధ్యలో అడ్డం పడింది ఒక లింకు. ఆ లింకు పెట్టింది మేమే.

ఆ పిల్లను మళ్లీ చేర్చాం, అల్‌హమ్దులిల్లాహ్. ఒక ఏడాది మాత్రం పోయింది. దాన్ని మేం తిరిగి ఇవ్వలేం. అప్పటి నుంచి కాగితం ఫారం మళ్లీ పెట్టాం. ఆన్‌లైన్ కూడా ఉంది. ఆఖరు తేదీకి పది రోజుల ముందు ఇద్దరు పిల్లలు ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. పని పెరిగింది. పెరగనివ్వండి.

రెండో తప్పు ఇంకా సున్నితమైనది. ఇది దాతలైన మీతో కూడా ముడిపడి ఉంది, అందుకని క్షమించి వినండి.

రంజాన్‌లో కిట్లు, చలికాలంలో దుప్పట్లు, కుట్టుమిషన్లు ఇచ్చినప్పుడు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవాళ్లం. ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి, వెనక బ్యానరు. మీరు చూసి సంతోషించేవాళ్లు. కువైట్‌లో, సౌదీలో, హైదరాబాద్‌లో ఉన్న దాతలు గుండె గుర్తులు పెట్టేవాళ్లు. ఇంకొందరు స్టేటస్‌లో పెట్టుకునేవాళ్లు. మాకూ ఉత్సాహంగా ఉండేది, చందాలు కూడా వచ్చేవి. అదీ ఒక ఆనందమే, కాదనం.

ఒక సాయంత్రం డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను తీసి చూపించింది. క్లాసులో తన పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల నాన్న స్టేటస్. అందులో ఈ పిల్ల వాళ్ల అమ్మీ, బియ్యం మూట అందుకుంటూ. "మా అమ్మీ ఇంటింటికీ చీరలు తిప్పి అమ్ముతుంది. ఇంతవరకు కాలేజీలో మా ఇంటి సంగతి ఎవరికీ తెలియదు. ఈ మూట మాకు పదిహేను రోజులు వచ్చింది. ఈ ఫొటో ఎన్ని రోజులుంటుంది భాయ్?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. గ్రూపులోంచి తీసేశాం. కాని ఎవరి ఫోనులో ఉందో, ఎక్కడికి పోయిందో మాకు తెలియదు. అందుకున్న ఉత్తరాన్ని ఆ కాలంలో దిండు కింద దాచుకునేవాళ్లు. ఈ ఫొటోను దాచడానికి దిండు లేదు. కుడి చేతితో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. మేం ఎడమ చేతికే కాదు, నాలుగు దేశాలకు తెలియజేశాం.

ఆ రోజు నుంచి తీసుకునేవాళ్ల ముఖాల ఫొటోలు మానేశాం. కొందరు దాతలు అడిగారు, "మా డబ్బు చేరిందని మాకెలా తెలుస్తుంది?" అని. న్యాయమైన ప్రశ్న. అందుకని మూడు నెలలకొకసారి లెక్క పంపుతున్నాం. ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లకు పోయింది, బిల్లులు ఎక్కడున్నాయి అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా ఎప్పుడైనా ఆఫీసుకు వచ్చి రిజిస్టరు చూడవచ్చు. పేర్లు అందులో ఉంటాయి, గ్రూపులో ఉండవు. ఈ సంచికలో కూడా గమనించండి. దాతల పేర్లు ఉన్నాయి, భవనం ఫొటో ఉంది, లెక్కల పట్టిక ఉంది. చెయ్యి చాపిన ముఖం ఒక్కటీ లేదు. ఫొటోలు ఆగాక ఆ ఏడాది చందాలు కొంచెం తగ్గాయి. మీకు చెప్పకుండా దాచడం ఇష్టం లేక చెబుతున్నాం. ఆ లోటును పూడ్చమని మిమ్మల్నే అడుగుతున్నాం.

ఇక ఈ ఏడాది సంకల్పం. ఆఫీసు పక్కన సామాను పెట్టే గది ఒకటి ఉంది. దాన్ని శుభ్రం చేసి సహాయ గది చేయాలనుకుంటున్నాం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక నెట్ కనెక్షన్, రెండు బెంచీలు. పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్, పింఛను, కాలేజీ ప్రవేశం, హజ్ దరఖాస్తు, మదద్ ఫిర్యాదు, ఏ పనికైనా ఎవరు వచ్చినా రూపాయి తీసుకోకుండా చేసిపెడతాం. మతం, కులం అడగం. ఆడవాళ్ల కోసం అసర్ నుంచి మగ్రిబ్ దాకా చెల్లెళ్లే కూర్చుంటారు. పాస్‌వర్డు ఎవరిది వాళ్లే నొక్కాలి, రాసి పెట్టుకోం. కొత్తగా కువైట్‌కు పోయేవాళ్ల ఏజెంటు లైసెన్సు ముందు ఇక్కడ చూసిన తరువాతే డబ్బు కట్టాలని ప్రతి ఇంటికీ చెబుతాం.

దీనికి డబ్బు కావాలి, దాని అంచనా ఈ సంచికలో వేరే పేజీలో ఇచ్చాం. డబ్బుతో పాటు ఇంకొకటి కూడా కావాలి. వారంలో ఒక గంట. మీలో రిటైరైన టీచర్లు ఉన్నారు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు, ఫోను మీద చకచకా వేళ్లు ఆడించే పిల్లలు ఉన్నారు. ఒక పిల్లవాడు ఒక దాదీ పక్కన కూర్చుని వాయిస్ మెసేజీ ఎలా పెట్టాలో నేర్పితే, ఆ గంటసేపు వాడి ఫోను కూడా మంచి పనిలోనే ఉంటుంది. పిల్లలు చెడిపోతున్నారన్న పెద్దలకు మా దగ్గర ఉన్న జవాబు ఇదే. లాక్కోవడం కంటే పని చెప్పడం మేలు.

ఇళ్లకు కూడా ఒక చిన్న మనవి. రాత్రి అన్నం దగ్గర అరగంట ఫోన్లు పక్కన పెట్టండి. ఒక్క ఫోను మాత్రం ఉంచండి, అవతల కువైట్‌లో ఒంటరిగా రొట్టె తింటున్న మనిషి కోసం. దాన్ని సుఫ్రా మీద మధ్యలో పెట్టండి. ఆ మనిషిని కూడా కూర్చోబెట్టుకుని తినండి. బాగున్నావా అని ఒక్కసారి అడిగి ఊరుకోకండి, రెండోసారి కూడా అడగండి. నిజం రెండోసారి వస్తుంది.

నెట్ లేకుండా మనం బతికాం. బతకగలమని తెలుసు. ఉన్నప్పుడు బాగా బతకడం ఇంకా నేర్చుకుంటున్నాం. మేం చేసిన తప్పులు ఈ సంవత్సరంతో ఆగాలని, ఆ చిన్న గది తలుపు పది మందికి తెరుచుకోవాలని దుఆ చేయండి.